పురుగు తెలిశాకే మందు

1880ల తొలినాళ్లలో కాలిఫోర్నియా రైతులు టర్కీ రేవు పట్టణం స్మిర్నా నుంచి వేల సంఖ్యలో అంజూర కొమ్మలు తెప్పించి నాటారు. ఎండు అంజీర్‌కు ప్రపంచమంతటా పేరున్న రకం అది. చెట్లు ఏపుగా పెరిగాయి, పిందెలూ వేశాయి. కానీ గోలీలంత అయ్యేసరికి పిందెలన్నీ రాలిపోయేవి. ఏటా ఇదే వరస. స్మిర్నా వాళ్లు పనికిరాని కొమ్మలు అంటగట్టారని కొందరు, నేల పడలేదని కొందరు అనుకున్నారు. టర్కీ రైతులు మాత్రం తరతరాలుగా అడవి అంజూర కాయలను తమ చెట్లకు వేలాడదీసేవారు. ఆ కాయల్లోంచి వచ్చే చిన్న కందిరీగ వల్లే పిందె నిలుస్తుందని చెప్పేవారు. కాలిఫోర్నియాలో చాలామంది దాన్ని పల్లెటూరి నమ్మకమని కొట్టిపారేశారు. 1890లో ఫ్రెస్నోకు చెందిన నర్సరీ యజమాని జార్జ్ రోడింగ్ అడవి కాయలోని పుప్పొడిని చేత్తో ఎక్కించి చూశాడు. ఆ పిందెలు నిలిచాయి. 1899లో వాల్టర్ స్వింగిల్ అనే శాస్త్రవేత్త అల్జీరియా నుంచి పంపిన కందిరీగలు అక్కడ స్థిరపడ్డాక గానీ స్మిర్నా తోటలు కాపుకు రాలేదు. రెండు మిల్లీమీటర్లుండే ఒక పురుగు లేక, ఒక ప్రాంతం రైతులు దాదాపు ఇరవై ఏళ్లు కాయ కోసం ఎదురుచూశారు.

వేమన పద్యం చదువుకున్న తెలుగువాళ్లకు మేడిపండు పొట్టలోని పురుగులు తెలుసు. మేడి, అంజూర ఒకే జాతి చెట్లు. రెండింటికీ పూలు బయటికి కనిపించవు. కాయ లోపలి గోడ నిండా ఉండేవి పూలే. తేనెటీగ అక్కడికి చేరలేదు, కాయ అడుగున ఉన్న సన్నని కన్నంలోంచి దూరగల కందిరీగకే అది సాధ్యం. మేడిపండు విప్పగానే బిలబిలమంటూ బయటికొచ్చే జీవుల్లో ఈ కందిరీగలు ఉంటాయి. అవి లేకపోతే మేడికి మొలకెత్తే విత్తనం ఉండదు.

తోటలో పురుగు కనిపించగానే మందు డబ్బా అందుకునే అలవాటు మానాలన్నదే ఈ అధ్యాయం అడిగేది. అది ఏ పురుగు, ఏ దశలో ఉంది, పగలు ఎక్కడ దాక్కుంటుంది అన్న మూడు సంగతులు తెలియకుండా చేసిన పిచికారీ చాలాసార్లు వృథా. కొన్నిసార్లు ఎదురుదెబ్బ కూడా.

మిద్దె మీదో పెరట్లోనో అంజూర పెంచాలనుకునేవాళ్లకు మొదట వచ్చే అనుమానం: మన దగ్గర ఆ కందిరీగ లేదు కదా, కాయ నిలుస్తుందా? నిలుస్తుంది. మన నర్సరీల్లో దొరికే పూనా, బ్రౌన్ టర్కీ, డయానా రకాలకు పుప్పొడితో పనిలేదు. గింజ కట్టకుండానే పిందె పండుగా మారుతుంది. ఈ గుణం మనిషికి చాలా పాత పరిచయం. జోర్డాన్ లోయలోని గిల్గాల్ దగ్గర దొరికిన, సుమారు 11,400 ఏళ్ల నాటి బొగ్గుబారిన అంజూర పండ్లు ఇలాంటి గింజ కట్టని రకానివేనని 2006లో పరిశోధకులు ప్రకటించారు. గింజ కట్టని చెట్టు వంశం నిలవాలంటే ఎవరో ఒకరు కొమ్మ నాటాలి. అందుకే ధాన్యాల సాగు కన్నా ముందే మనిషి అంజూరను సాగు చేశాడని వాళ్ల వాదన. అంజీర్‌లో పురుగు ఉంటుందని వెనకాడే శాకాహారులకు కూడా ఇక్కడ జవాబు దొరుకుతుంది. ఇంటి కుండీలో కాసే పూనా అంజూరలోకి కందిరీగ ప్రవేశించే ప్రసక్తే లేదు. స్మిర్నా తరహా ఎండు పండు సంగతి వేరు, దాని పుట్టుకకు కందిరీగ తప్పనిసరి.

అంజూరకు కావలసింది ఎండ, పొడి గాలి, నీరు నిలవని నేల. పుణె దగ్గరి పురందర్ తాలూకా అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దక్కన్‌లో బళ్లారి, అనంతపురం వంటి పొడి ప్రాంతాలూ దీనికి అనువైనవే. కోస్తాలో చెట్టు బతకదని కాదు. తేమ వల్ల ఆకు తెగుళ్లు ఎక్కువ, పండు తీపి తక్కువ.

కొనేటప్పుడు గింజ మొక్క వద్దు. కడియం నర్సరీల నుంచి వచ్చినదైనా, ఊళ్లో కొన్నదైనా, అంటు కట్టిన మొక్కో కొమ్మ నాటి వేరు పట్టించిన మొక్కో కావాలి. తెలిసినవాళ్ల ఇంట్లో మంచి చెట్టుంటే పెన్సిల్ మందమున్న ముదురు కొమ్మను జానెడు పొడవున కోసి నీడలో నాటినా వేరు పడుతుంది. చివరికి దానికి 18 నుంచి 24 అంగుళాల కుండీ అవసరమవుతుంది. ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, కొంత ఇసుక, రెండు గుప్పిళ్ల వేపపిండి కలపాలి. వేపపిండి పోషకం కోసమే కాదు, వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులను అది అదుపులో ఉంచుతుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలని చోట అంజూర పెట్టి కాయలేదని బాధపడే ఇళ్లు ఎన్నో. ఆ చోట కరివేపాకు పెట్టుకోవడం మేలు.

కత్తిరింపు తెలియనివాళ్ల చెట్టు ఆకుల గుబురుగా మిగిలిపోతుంది. పూనా రకం కొత్త రెమ్మల మీదే కాస్తుంది. పుణె రైతులు దీనితో రెండు కాపులు తీస్తారు: వానాకాలపు ఖట్టా బహార్, వేసవిలో వచ్చే మీఠా బహార్. ఇంటి తోటకు రెండోదే మంచిది. వానలు వెనకబట్టాక, సెప్టెంబరు–అక్టోబరులో పాత కొమ్మలను తగ్గించి ఎరువు వేస్తే చలికాలంలో పిందె పడి ఎండాకాలం మొదట్లో తియ్యటి పండ్లు చేతికొస్తాయి. వానల్లో విజృంభించే తుప్పు తెగులును కూడా ఆ కాపు చాలావరకు తప్పించుకుంటుంది. కొమ్మ మీద నిద్రలో ఉన్న మొగ్గకు కాస్త పైన ఏటవాలుగా చిన్న గాటు పెడితే ఆ మొగ్గ చిగురిస్తుంది. బోసిగా ఉన్న కొమ్మను నింపడానికి ఇది రైతులు వాడే ఉపాయం. కత్తిరించేటప్పుడు చేతికి గ్లవ్స్ తప్పనిసరి. అంజూర పాలు చర్మానికి అంటి, దాని మీద ఎండ పడితే బొబ్బలెక్కుతుంది. పిల్లలను ఆ పనికి దగ్గరకు రానివ్వకూడదు.

తుప్పు తెగులు వచ్చిన ఆకు అడుగున గోధుమరంగు పొడి మచ్చలు కనిపిస్తాయి, తర్వాత ఆకంతా రాలిపోతుంది. ఇది పురుగు కాదు, బూజు. వేపనూనె ఎంత కొట్టినా ప్రయోజనం నామమాత్రమే. రాలిన ఆకులను ఏరి దూరంగా పారేయడం, కొమ్మల మధ్య గాలి ఆడేలా చూడటం సగం వైద్యం. మిగతా సగం ఒక శాతం బోర్డో మిశ్రమం. లీటరు నీటిలో సగాన్ని ఒక ప్లాస్టిక్ గిన్నెలో పోసి 10 గ్రాముల మైలుతుత్తం, మిగతా సగంలో 10 గ్రాముల సున్నం విడివిడిగా కరిగించి కలపాలి. అందులో శుభ్రమైన ఇనుప చాకు ముంచితే ఎర్రటి రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదని అర్థం. ఆ రోజు చేసింది ఆ రోజే వాడేయాలి.

కాండం మీద కన్నం, దాని కింద రంపపు పొట్టు లాంటి పొడి కనిపిస్తే లోపల కాండం తొలిచే పురుగు ఉన్నట్టు. ఆకుల మీద ఏది చల్లినా దానికి తగలదు. సన్నని తీగను కన్నంలోకి పోనిచ్చి పురుగును చంపి, తడిమట్టితో మూసేయాలి. పండు విషయంలో ఇంకో మాట. కోశాక అంజూర తియ్యబడదు. మెడ వాలి, వేలితో తాకితే మెత్తబడ్డాకే కోయాలి. నీళ్లు ఒకరోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచెత్తితే పండు పగులుతుంది, పగిలినచోట ఈగలు, చీమలు చేరతాయి. బుల్బుల్ పిట్టలు, ఉడతలు మనకన్నా ముందే పండు వాసన పడతాయి కాబట్టి రంగు తిరగగానే పండుకు చిన్న నెట్ సంచి తొడగాలి.

అంజూర నుంచి కూరగాయలకు దారి చీమలే చూపిస్తాయి. కొమ్మ వెంట చీమల బారు పైకి పోతుంటే దాని చివర పిండినల్లి గానీ పేనుబంక గానీ ఉంటుంది. ఈ పురుగులు రసం పీల్చి విసర్జించే తియ్యటి జిగురు చీమల ఆహారం. బదులుగా చీమలు వాటికి కాపలా కాస్తాయి, తినడానికి వచ్చిన మిత్రపురుగులను తరుముతాయి, పిల్ల పురుగులను కొత్త మొక్కకు మోసుకుపోతాయి. మందార మీది పిండినల్లి అంజూరకు, అక్కడి నుంచి వంగకు చేరడంలో చీమల చేయి ఉంది. అందుకే వైద్యం చీమ దగ్గర మొదలవ్వాలి. కుండీని నీళ్ల పళ్లెంలో పెట్టిన ఇటుకల మీద నిలబెట్టినా, కాండానికి జిగురు పట్టీ చుట్టినా బాట తెగుతుంది. తర్వాత పిండినల్లిని పాత టూత్‌బ్రష్‌తో, సబ్బునీళ్లతో రుద్ది కడగాలి. ఒంటి మీది మైనపు పొడి వల్ల మామూలు పిచికారీ దానికి సరిగా అంటదు. సబ్బునీరే ఆ పూతను వదిలిస్తుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పిండినల్లి గుంపు మధ్య, దానికన్నా పెద్దగా, తెల్లటి మైనపు దూదితో చురుగ్గా కదిలే పురుగు కనిపిస్తే అది పెద్ద పిండినల్లి కాదు. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే పెంకు పురుగు పిల్ల. ఆస్ట్రేలియా నుంచి 1898లో భారతదేశానికి తెచ్చిన ఈ పురుగును ఇప్పటికీ ప్రయోగశాలల్లో పెంచి తోటలకు ఇస్తున్నారు. పిండినల్లి కదిలీ కదలనట్టు ఉంటుంది, ఇది వేటకు తిరుగుతుంది. ఒక నిమిషం చూస్తే తేడా తెలిసిపోతుంది. వంగ ఆకు మీది అక్షింతల పురుగులతోనూ ఇదే చిక్కు. మెరుస్తూ నున్నగా ఉండేవి పేనుబంకను తినే నేస్తాలు. మసకగా, సన్నని నూగుతో, ఒంటి నిండా చుక్కలతో ఉండి ఆకును జల్లెడలా గీకేవి శత్రువులు.

2008లో కోయంబత్తూరు దగ్గర కొత్త రకం పిండినల్లి బయటపడింది. బొప్పాయి మొదలు మల్బరీ దాకా దక్షిణాది పంటలను అది కమ్మేసింది. మందులు ఆపలేకపోయాయి. బెంగళూరులోని జాతీయ సంస్థ 2010లో ప్యూర్టోరికో నుంచి ఎసెరోఫాగస్ పపాయే అనే పరాన్నజీవి కందిరీగను తెప్పించి వదిలింది. కొద్ది నెలల్లోనే ఉధృతి తగ్గుముఖం పట్టింది. అప్పటికీ మందు కొట్టడం మానని తోటల్లో ఆ కందిరీగకు నిలదొక్కుకునే వీలుండదు. మిద్దె తోట చిన్నదే అయినా అక్కడా ఇంతే. విషం పడ్డచోట మొదట పోయేవి మిత్రులు. శత్రువులు వేగంగా పెరుగుతాయి కాబట్టి ముందుగా తిరిగొస్తాయి.

వంగలో లేత మొవ్వు తల వాల్చిందంటే నీళ్లు చాలలేదని అనుకోవడం సహజం. ఒక్క కొమ్మే వాలితే అది మొవ్వు, కాయ తొలిచే పురుగు పని. ఈ రెక్కల పురుగు గుడ్లు ఆకుల మీద పెడుతుంది. పిల్ల పురుగు బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే మొవ్వులోకో కాయలోకో తొలుచుకుపోయి, వెనక దారిని తన రెట్టతో మూసేస్తుంది. రెండు వారాలు దాని బతుకంతా లోపలే. బయట కొట్టిన మందుకు అందే సమయం ఆ కొద్ది గంటలే. మార్కెట్ వంకాయకు రైతులు అన్నిసార్లు పిచికారీ చేయాల్సి రావడానికి ఇదే కారణం. ఇంటి తోటలో పది మొక్కలుంటే కత్తెర చాలు. వారానికి రెండుసార్లు, వాలిన మొవ్వులను వాలిన చోటుకు అంగుళం కింద కోసి సబ్బునీళ్లలో ముంచాలి. పుచ్చు కాయలను చెట్టుకు వదలకూడదు, కంపోస్టు గుంటలో వేయకూడదు. లింగాకర్షక బుట్ట ఒకటి పెడితే మగ పురుగులు పడతాయి, పురుగు ఎప్పుడు వచ్చిందో కూడా తెలుస్తుంది.

కాకర, బీర, సొర, దోస పాదులకు పండు ఈగ. కాయ లేతగా ఉండగానే తల్లి ఈగ తొక్క కింద గుడ్లు దించుతుంది. కాయ వంకరపోయి, పసుపు తిరిగి, కుళ్లి రాలుతుంది. లోపలి పురుగు నేలలోకి దిగి కోశం కట్టి మళ్లీ ఈగగా లేస్తుంది. ఇంత తెలిస్తే ఏం చేయాలో దానంతటదే తేలుతుంది. పిందె పడ్డ రెండు మూడు రోజుల్లో కాగితపు సంచి తొడగాలి. రాలిన కాయను అదే రోజు ప్లాస్టిక్ కవరులో మూట కట్టి ఎండలో పడేయాలి. పాదు కింది మట్టిని తరచూ గుల్ల చేయాలి. ఈగల బుట్ట కొనేటప్పుడు కూరగాయల పాదులకు క్యూలూర్ ఎర అడగాలి. మిథైల్ యూజెనాల్ మామిడి, జామ ఈగలకు పనికొస్తుంది. బుట్టలో పడేది మగ ఈగలే కాబట్టి, ఒక్క బుట్టను నమ్ముకొని సంచులు మానేస్తే కాయ దక్కదు.

మిరప సంగతికొస్తే, 2021–22లో ఉమ్మడి ఖమ్మం, వరంగల్, గుంటూరు జిల్లాల రైతులను నల్ల తామర పురుగు కోలుకోలేని దెబ్బ తీసింది. మందు మీద మందు మార్చి కొట్టినా తోటలు మాడిపోయాయి. ఆ పురుగు ఉండేది పూవు లోపల. పూలను తెల్ల కాగితం మీద దులిపితే నల్లటి సన్నని పురుగులు పరుగెత్తుతూ కనిపిస్తాయి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, వారానికోసారి చేయాలి. తామర పురుగులకు నీలం జిగురు అట్టలు, తెల్లదోమకూ రెక్కల పేనుబంకకూ పసుపు అట్టలు, మొక్క తల ఎత్తులో కట్టాలి.

1962లో మిడతల దండు ఢిల్లీ మీదికి వచ్చినప్పుడు భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్ బృందం పొలంలోని పైరు మీద వేపగింజల ద్రావణం చల్లింది. మిడతలు వాలాయి కానీ ఆ పైరును తినలేదు. అంతకు మూడేళ్ల ముందు సూడాన్‌లో, మిడతలు సర్వం ఊడ్చేసినా వేపచెట్లు పచ్చగా నిలవడం జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ ష్ముట్టెరర్ గమనించారు. వేప ఎలా పనిచేస్తుందో ఈ రెండు సంఘటనల్లోనే ఉంది: అది పురుగును పడగొట్టదు, తినకుండా ఆపుతుంది, కుబుసం విడిచి ఎదిగే క్రమాన్ని చెడగొడుతుంది. మర్నాడు పొద్దున్నే పురుగులు కదులుతున్నాయని వేపను తిట్టుకొని ఘాటు మందు తెచ్చేవాళ్లు నాలుగు రోజులు ఓపిక పట్టాలి.

ఐదు శాతం కషాయానికి లీటరుకు 50 గ్రాముల వేపగింజల పొడి. పలుచని గుడ్డలో మూట కట్టి రాత్రంతా నానబెట్టి, పిసికి వడకట్టి, కుంకుడు రసమో కాస్త సబ్బో కలిపితే ఆకుకు అంటుకుంటుంది. ఎండకు దాని సత్తువ పోతుంది కాబట్టి సాయంత్రమే చల్లాలి. పురుగులుండే ఆకు అడుగు భాగం తడవాలి. గుడ్లలోంచి వెనక వచ్చే పిల్లల కోసం వారం తర్వాత మళ్లీ ఒకసారి. జూన్, జులైలో రాలే వేపపండ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడన ఎండబెట్టి గోనెసంచిలో దాచుకుంటే ఏడాదంతా సరిపోతాయి. ప్లాస్టిక్ కవరులో పెడితే బూజు పడుతుంది.

ఇదంతా పెరటి ముచ్చట అనుకునేవాళ్లకు అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం జవాబు. పత్తి, మిరప మందుల ఖర్చుకు అప్పుల్లో కూరుకుపోయిన ఆ ఊరు స్వచ్ఛంద సంస్థల తోడుతో వేపగింజలు, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, ఆముదం, బంతి వంటి ఎర పంటల దారి పట్టింది. మహిళా సంఘాలు వేపగింజల పొడి తయారీ చేపట్టాయి. 2003లో ఊరు రసాయన పురుగుమందులు లేని గ్రామంగా తనను తాను ప్రకటించుకుంది. ఆ అనుభవమే తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో పురుగుమందుల్లేని సాగు కార్యక్రమానికి ఊతమిచ్చింది. తోటలో బంతి, ఆముదం పెట్టుకునేవాళ్లు ఒకటి మరవకూడదు. బంతి మొగ్గల మీద శనగపచ్చ పురుగు, ఆముదపు ఆకుల మీద లద్దె పురుగు గుడ్ల సముదాయం వెతికి ఏరేస్తేనే అవి ఎర పంటలు. లేకుంటే అవే పురుగుల పుట్టిల్లు.

ఇంటి వైద్యమంతా క్షేమమేననీ అనుకోకూడదు. పొగాకు కషాయంలోని నికోటిన్ మనిషికి విషం, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి పోతుంది. పైగా పొగాకు నుంచి మొజాయిక్ వైరస్ టమాటాకు, మిరపకు అంటుకునే ప్రమాదం ఉంది. దుకాణంలో మిగిలిపోయిన పత్తి మందు తెచ్చి బెండకు కొట్టడం మరీ ఘోరం. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడటం మన దేశంలో నిషిద్ధం. నాలుగు కాయల కోసం ఇంటిల్లిపాదికీ ఆ ముప్పు తెచ్చిపెట్టుకోవడం తగని పని.

బెండ ఆకు ఈనెలు పసుపు రంగుకు తిరిగితే ఇక ఏ ద్రావణమూ దాన్ని బాగుచేయదు. అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. దోమను ఆపాల్సిన సమయం మొక్క రెండాకుల మీద ఉన్నప్పుడే గడిచిపోయింది. అలాంటి మొక్కను కనిపించిన రోజే వేరుతో పీకి, మిగతా వాటి మధ్య పసుపు అట్టలు పెంచి, ఆకుల అడుగున వేప కషాయం మొదలుపెట్టాలి. ఖాళీ అయిన చోట మళ్లీ బెండ వద్దు, ముల్లంగి చల్లుకోవచ్చు. తర్వాతి బెండకు విత్తనం కొనేటప్పుడే మొజాయిక్‌ను తట్టుకునే రకం అడిగి తెచ్చుకోవాలి.